సెలవు రోజుల్లో రాని దగ్గు

ఆ రోజు నేను సావిత్రక్క మీద అరిచాను. మలేషియాలో, సుంగై పెటాని ఊళ్లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా మా బల్లలు పక్కపక్కనే. ఆమె తెచ్చే ఇడ్లీల్లో సగం నావే. అలాంటి మనిషి ఒక ఫైలు ఎక్కడుందని అడిగితే, "కళ్లు లేవా?" అన్నాను. అందరూ తలెత్తి చూశారు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

అప్పటికే నెల రోజులుగా తలనొప్పి, కళ్ల మంట, పొడి దగ్గు. క్లినిక్‌లో మొదట వైరల్ అన్నారు, తర్వాత స్ట్రెస్ అన్నారు. ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు. సావిత్రక్కే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారంతా ఆమె కూడా దగ్గుతూనే ఉంది.

"నన్ను తిట్టినావని నానేటి అనుకోనేదే," అంది. "నానూ ఇంటికాడ మా ఆయన మీద అరుస్తన్నాను. ఏటయిందో తెల్దు లా." మాట చివర ఆ ‘లా’ మలేషియా అలవాటు.

ఎక్స్-రే బాగానే ఉంది. గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేశాక ఆస్తమా అన్నారు. "సెలవు రోజుల్లో ఎలా ఉంటుంది?" అని డాక్టరమ్మ తమిళంలో అడిగింది. ఆలోచిస్తే, దీపావళికి ఇంట్లో ఉన్న వారమంతా దగ్గే లేదు.

అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "ఆపీసులో ఏసీ, ఆ ఏర్‌కాన్ ఏస్తే తడిగుడ్డ వాసనొస్తాది గదా, సెప్పవే!"

ఇన్‌హేలర్‌తో తేరుకుని పనికి వెళ్లాను. వారం తిరక్కుండానే మళ్లీ అటాక్. వాసన పోవడానికని మేనేజరు స్ప్రే కొట్టించాడు, దాంతో దగ్గు ఇంకా పెరిగింది. డాక్టరు ఉత్తరం చూసి నన్ను పై అంతస్తుకు మార్చారు. అక్కను మాత్రం అక్కడే ఉంచారు.

"నువ్వు బాగుంటే సాలు, ఎల్లు," అంది. ఆమెను ఆ గదిలో వదిలేసి పైకి వెళ్లలేకపోయాను. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే మేనేజరు గదికి వెళ్లి, ఏర్‌కాన్ వాసన వచ్చే చోట సీలింగు విప్పి చూడమన్నాను. మా ఆఫీసు గదిలో పనిచేసేవాళ్లందరం అదే కోరుతూ కాగితం మీద సంతకాలు పెట్టాం.

విప్పితే, కారుతున్న పైపు చుట్టూ నల్లటి బూజు. మేనేజరు కూడా వచ్చి చూశాడు. తనకూ ఏడాదిగా తలనొప్పులని అప్పుడు చెప్పాడు.

పైపు మార్చారు, సీలింగు కొత్తది వేశారు, కిటికీలు తెరిచారు. ఇన్‌హేలర్ ఇప్పటికీ నా సంచిలో ఉంటుంది, వాడే అవసరం తక్కువ. అక్క దగ్గు పూర్తిగా పోయింది. మేమిద్దరం మళ్లీ పనికిరాని మాటలన్నిటికీ నవ్వుకుంటున్నాం.

నేను చెప్పగలిగేది ఒక్కటే. ఒంట్లో బాగోలేనప్పుడు ఏ రోజు, ఏ గదిలో ఉండగా మొదలైందో, ఎక్కడికి వెళ్తే తగ్గిందో రాసిపెట్టుకోండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.