కాఫీ పొట్టు పట్టే జల్లెడ

కొట్లో కొన్న కాఫీపొడి నాయన నోటికి ఆనదు. అందుకని గింజలు వేయించుకునే చిన్న మిషను ఒకటి కొన్నాను. గింజలు వేగేటప్పుడు వాటి మీది పల్చటి పొర పొట్టుగా రాలి గాలికి ఎగురుతుంది. దాన్ని పట్టడానికి మిషను మూతలో గుండ్రటి స్టీలు జల్లెడ ఉంటుంది. ఒకరోజు నేను ఆఫీసుకు వెళ్ళినప్పుడు నాయన ఆ జల్లెడను స్టీలు పీచుతో తోమి తోమి, మధ్యలో బొటనవేలు దూరేంత చిల్లి పెట్టాడు.

"మసి పట్టిండాదని తోమినాను. ఇంత నాసిరకమని నాకేం తెలుసు?" అన్నాడు. ఎనభై దాటిన మనిషిని ఏమనను?

ఆ చిల్లి జల్లెడతోనే ఒకసారి వేయించి చూశాను. పొట్టంతా ఎగిరి, పక్కన మూత తీసి ఉన్న ఇడ్లీ పిండిలో పడింది. ఆ పూట ఉప్మాతో సరిపెట్టాను.

తిరుపతిలో మిక్సీలు బాగుచేసే షాపులన్నీ తిరిగాను. కాఫీ ఫిల్టరు అనగానే ప్రతివాళ్ళూ డికాక్షన్ దించే ఫిల్టరు తెచ్చి ముందు పెట్టేవాళ్ళు.

"ఇది కాదప్పా, గింజలు వేయించే మిషనుది" అన్నాను ఒక షాపాయనతో.

"ఇంట్లో ఏంచేదెందుకక్కా? పొడి యాడబట్టినా దొరకతాది కదా" అన్నాడాయన. నాయన్ని తెచ్చి ఆయన ముందు కూర్చోబెట్టాలనిపించింది.

చివరికి మిషను కంపెనీకి ఫోన్ చేశాను.

"మిషను ఆన్ అవుతోందా మేడం?" అంది అక్కడి అమ్మాయి.

"అవుతోందమ్మా. జల్లెడ చినిగింది."

"అంటే మిషను పనిచేస్తున్నట్టే కదా మేడం?"

పళ్ళు బిగించి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఫోటో పంపి, ఆర్డరు పెట్టాను. కొన్నాళ్ళకు పార్సిలు చిత్తూరు చేరిందని మెసేజి వచ్చింది. తిరుపతి వేరే జిల్లా అయిందని ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి చెబితే, మా సిస్టంలో ఇంకా అలా లేదు మేడం అంది. వచ్చి తీసుకెళ్ళమన్నారు కొరియరు వాళ్ళు.

సెలవు పెట్టి చిత్తూరు బస్సెక్కాను. నాయన కూడా బయలుదేరాడు. కొరియరు ఆఫీసులోనే అట్టపెట్టె చించి చూస్తే, లోపల డికాక్షన్ వడకట్టే కాగితం ఫిల్టర్లు ఒక కట్ట.

నాయన ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది కాయితం కదమ్మా. మిషన్లో పెడితే కాలిపోతాది."

"తెలుసు నాయనా."

"మరెందుకు తెప్పించినావు?"

పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పాత్రల అంగడిలో దూరాను. జల్లెడ కావాలన్నాను.

"పిండికా, రవ్వకా?" అన్నాడు అంగడాయన.

"పొట్టుకు."

ఆయన నా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా ఒక స్టీలు జల్లెడ తీసిచ్చాడు.

ఇంటికొచ్చి, పాతదాన్ని దాని మీద పెట్టి గుండ్రంగా గీసి, రేకు కత్తెరతో కత్తిరించాను. వేళ్ళు రెండుచోట్ల తెగాయి. మూతలో అది కాస్త వంకరగానే కూర్చుంది. అయినా వేయించాను. పొట్టు చాలావరకు లోపలే ఆగింది. గింజలు చల్లారాక పొడి కొట్టి, డికాక్షన్ దించి, కాఫీ కలిపి నాయనకిచ్చాను.

ఒక గుక్క తాగి, "రవ్వంత మాడినట్టుండాదమ్మా" అన్నాడు.

నేను నా గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాను.