మోకాలి కాగితాల ధర

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆమె ఏ పెద్ద నోటునూ వెలుతురుకు ఎత్తి చూడకుండా సంచిలో వేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు. పాలవాడి కొలతా, కూరల తూకమూ, చివరికి వాతావరణ వార్తలూ ఆమెకు అనుమానమే. వీధిలో అందరూ చెకింగక్క అనేవారు. మొహం మీదే అన్నా నొచ్చుకునేది కాదు.

ఆమె చెల్లెలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మోకాలికి ఆపరేషనై ఏడాది తిరిగినా నొప్పి తగ్గలేదు. మిషను తొక్కితే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వేరే డాక్టరు దగ్గరికి వెళితే, "పాత ఆసుపత్రి కాగితాలన్నీ తెండి. అవి చూడందే ఏమీ చెప్పలేను" అన్నాడు.

ఆ ఆసుపత్రిలో రికార్డుల గది మెట్ల కింద ఉంది. గుమాస్తా తలెత్తకుండానే లెక్క చెప్పాడు. కాపీలకు ఇంత, వెతికినందుకు ఇంత, పైన ముద్ర వేసినందుకు ఇంకొంత. చెల్లెలు రెండు నెలలు కుట్టినా అంత రాదు.

"జిరాక్సులకేనా బాబూ, లేక మోకాలు మళ్ళీ కొత్తది వేస్తారా?" అంది అక్క.

"రేటు నేను పెట్టింది కాదమ్మా."

బయటికి రాగానే చెల్లెలి చెవిలో గొణిగింది. "ఏదో దాస్తున్నారే. లేకపోతే మన కాగితాలు మనకివ్వడానికి ఇంత బెట్టెందుకు?"

"ఊరుకో అక్కా. నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు."

అక్క ఊరుకోలేదు. ఆరోగ్యశాఖ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. కాపీలకు ఇంతకు మించి తీసుకోకూడదని కొత్తగా పరిమితి పెట్టారట. ఆ ఉత్తర్వు తెచ్చి గుమాస్తా బల్ల మీద పెట్టింది. అతను లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి, "సరేనమ్మా, దీని ప్రకారమే కట్టండి. రేపు రండి" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో ఆమె అనుమానం రెట్టింపైంది. రేపటిదాకా ఎందుకు? ఈలోగా కాగితాలు మార్చేస్తారా? "రేపు కాదు, ఇక్కడే కూర్చుంటాం" అని బెంచీ మీద తిష్ఠ వేసింది. గుమాస్తా అప్పుడే కాపీలు తీయడం మొదలుపెట్టాడు. జిరాక్సు యంత్రంలో ఒక కాగితం ఇరుక్కుంటే ఆమె ఉలిక్కిపడి లేచింది. గుమాస్తా దాన్ని మెల్లగా లాగి ఆమె చేతికే ఇచ్చాడు.

"మా అమ్మ కాగితాలకి నేనూ ఆ పాత రేటే కట్టానమ్మా," అన్నాడు. నమ్మాలో వద్దో ఆమెకు తేలలేదు.

కొత్త డాక్టరు అన్నీ తీరిగ్గా చదివాడు. చెల్లెలిని పడుకోబెట్టి కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆపరేషన్ బాగానే చేశారు. నొప్పి తుంటిలోంచి దిగుతోంది. ఇన్నాళ్ళూ అటువైపు ఎవరూ చూడలేదు. నయమవుతుంది."

చెల్లెలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "చూశావా? ఎవరూ ఏమీ దాయలేదు."

"దాయనివాళ్ళు అంత ధరెందుకు పెట్టారే మరి?"

మందులూ వ్యాయామాలతో నొప్పి తగ్గుముఖం పట్టింది. వానాకాలం వెళ్ళేసరికి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అక్క మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరూ, ఈ కొత్త డాక్టరూ ఒకే కాలేజీలో చదివారేమోనని ఇప్పటికీ వాకబు చేస్తూనే ఉంది.