తెలుగులో చెప్పని చావు కబురు

మా పెద్ద మసీదులో అజాన్ ఇచ్చే పెద్దాయన పోయారు. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు దించుతుంటే మైకులో ఆ కబురు వచ్చింది. ఉర్దూలో ఒకసారి చెప్పి ఆపేశారు. మేం దూదేకులవాళ్లం. ముస్లిములమే, ఇంట్లో మాత్రం తెలుగు. "ఎవరప్పా పోయింది?" అని పక్క హమాలీ అడిగితే "తెలీదన్నా" అన్నాను. తెలుగు కోసం నిలబడ్డాం. రాలేదు. చివరికి టీ బంకు భాయ్ చెప్పాడు.

చావు కబురు చెప్పడంలో పెద్దాయన పద్ధతి అది కాదు. తువ్వాలుతో మైకు తుడిచి, ఊది, ముందు ఉర్దూలో, వెంటనే తెలుగులో చెప్పేవారు. వట్టి పేరు కాదు, "పాత బస్టాండు కాడ పంచర్లు ఏసే ఆయన" అని గుర్తుతో సహా. హిందువులు కూడా పని ఆపి వినేవాళ్లు.

మా నాయన పోయినప్పుడు, కలికిరి నుంచి బతకడానికొచ్చిన మాకు జనాజా మోసే మనుషులైనా దొరుకుతారా అని అమ్మ ఏడ్చింది. "మన మార్కెట్లో మూటలు మోసిన మనిషి పోయినాడప్పా. ఆయన్ని మోసేదానికి రాండి" అన్నారు పెద్దాయన మైకులో. మార్కెట్టంతా కదిలొచ్చింది. భుజం పట్టడానికి పోటీ పడ్డారు.

"రెండుసార్లు యాల చెప్పేది?" అని మసీదు కమిటీ పెద్ద విసుక్కుంటే, "నమాజు దేవుడు వింటాడు సాబ్. చావు కబురు మనుషులు వినాల గదా" అన్నారు. నేను వచ్చీరాని ఉర్దూలో పలకరిస్తే, "సాలు లేరా నాయనా, తెలుగులోనే తిట్టు నన్ను" అని నవ్వేవారు.

ఊరందరి చావులూ ఊరందరికీ చెప్పిన మనిషి కబురు ఇట్లాగేనా చెప్పేది? మసీదుకు పోయి ఆ కమిటీ పెద్దనే అడిగాను.

"ఇన్నేళ్లుగా ఈ ఊర్లో ఉండావు. ఉర్దూ నేర్చుకోకుండా మమ్మల్ని అడగతాండావా?"

"ఆయన్ని మోసేదానికి మార్కెట్లో జనం ఉండారు. ఇప్పుడన్నా చెప్పండి సాబ్."

"జనాజా లేస్తాండాది. అరవద్దు."

అరిచాను. మసీదులో అరవకూడదని తెలిసీ అరిచాను. మైకు ఇవ్వలేదు. మార్కెట్టుకు పరిగెత్తి నోటితో చెప్పాను. అందరం కబరస్థానుకు చేరేసరికి సమాధి పూడ్చేస్తున్నారు. మా భుజాలకు పని మిగల్లేదు. తలా మూడు పిడికిళ్ల మన్ను వేశాం. చేతులకు టమోటా రసం. దులిపినా మన్ను రాలలేదు.

ఇప్పటికీ మసీదు మైకు గరగరమంటే మార్కెట్లో క్రేట్లు భుజాల మీదే ఆగిపోతాయి. ఉర్దూ అయిపోతుంది. ఎవరూ కదలరు. మైకు టక్కుమని ఆగిపోతుంది. అయినా కాసేపు, బరువు దించకుండా, అట్లాగే నిలబడి ఉంటాం.