అవ్వ కోళ్ళ రిజల్టు

ఆ రోజుల్లో నేను పక్షుల రెట్టలు ఏరుకుని బతికేదాన్ని. నవ్వకండి, నిజంగా ఉద్యోగమే. బర్డ్ ఫ్లూ పేరు చెబితే చాలు, చికెన్ కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటున్న కాలం. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన చెరువుల్లో దిగే బాతులు ఆ జబ్బును మోసుకొస్తున్నాయేమో చూడాలని ఉప్పల్‌లో ఒక చిన్న ల్యాబ్ వాళ్ళు ప్రాజెక్టు పెట్టి, ఎమ్మెస్సీ జువాలజీ చేసి కాకినాడ నుంచి దిగిన నన్ను ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తెల్లవారగానే నాచారం చెరువు గట్టున కూర్చుని, బాతు ఎప్పుడు రెట్ట వేస్తుందా అని బైనాక్యులర్స్‌లో కళ్ళార్పకుండా చూడటం, వేయగానే పరిగెత్తి దూది పుల్లతో ఎత్తి ట్యూబులో పెట్టడం నా పని. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "వైరస్ మీద పరిశోధన" అనేదాన్ని.) నిజం చెప్పొద్దూ, నాకు భలే ఇష్టంగా ఉండేది. హిమాలయాలు దాటి వచ్చిన పక్షి, గుర్రపుడెక్క నిండిన ఈ చెరువునే ఎందుకు ఎంచుకుందో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం.

ఒకరోజు వెనక నుంచి "ఏం ఏరుతున్నవ్ బిడ్డా?" అని వినిపించింది. చూస్తే ఒక అవ్వ. జనగామ వైపు మనిషి, కొడుకు ఫ్యాక్టరీ పనికి వస్తే తనూ వచ్చి చెరువు పక్క బస్తీలో ఉంటోంది. సంగతి చెప్పాను. నన్ను ఎగాదిగా చూసి, "గీ బాతులే గదా? మా ఇంట్ల ఒకటున్నది, రా" అంది. వెళ్దును కదా, పతంగి మాంజాకు రెక్క తెగిన సూదితోక బాతు ఒకటి, గాయానికి పసుపు పూయించుకుని, తొమ్మిది కోళ్ళ మధ్య దర్జాగా నూకలు తింటోంది! అడవి బాతూ ఇంటి కోడీ ఒకేచోట తినకూడదన్నదే మా ప్రాజెక్టు భయమంతా. జబ్బుందని తేలితే కోళ్ళన్నిటినీ చంపి పూడ్చేస్తారని ఉన్నమాట చెప్పేశాను. అవ్వ ముఖం వాడిపోయింది. "నా కోళ్ళేం జేసినయ్ బిడ్డా?" అంది.

మర్నాడు తెల్ల సూటు, మాస్కు, పెద్ద కళ్ళద్దాలతో దిగాను. నన్ను చూసి కోళ్ళు గోడలెక్కాయి. అవ్వే ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి అందించింది. గొంతులో ఒక పుల్ల, వెనక ఒక పుల్ల పెట్టి తీయాలి.

"నోట్ల అంటె సరే. గాడెందుకు బిడ్డా? దానికి సిగ్గుండదా?"

"రూల్ అవ్వా."

"ఎవడు వెట్టిండు గా రూలు?"

ఇంకో పుల్ల తీసి పని కానిచ్చాను. బాతుకూ, తొమ్మిది కోళ్ళకూ నంబర్లు వేసి శాంపిళ్ళు గర్వంగా పంపాను. ఫలితం వేరే రాష్ట్రంలోని పెద్ద ల్యాబ్ నుంచి రావాలి. ఈలోగా అవ్వ రోజూ మా ల్యాబ్ గేటు దగ్గరికొచ్చి "నా కోళ్ళ రిజల్టు వచ్చిందా?" అని అడిగేది. "డిగ్రీ పోరగాళ్ళదే ఇంకా రాలే, నీ కోళ్ళది అప్పుడే ఏడికెళ్ళొస్తది?" అని వాచ్‌మన్ ఆటపట్టించేవాడు.

వచ్చింది. దేనికీ జబ్బు లేదు. పరుగున వెళ్ళి చెబుతుండగా, మూలనున్న గంప కింద ఏదో కదిలింది. ఎత్తి చూస్తే గుడ్ల మీద నల్లకోడి!

"పొదిగే కోడిని లేపుతరా ఎవలన్న? ఇంకో నల్లదున్నది గదా, దాన్నే రెండుసార్లిచ్చిన" అంది అవ్వ, తప్పు చేసినట్టే తల వంచుకుని. చెమటకు మసకేసిన కళ్ళద్దాల్లోంచి నేనేం చూశాను, నా మొహం! పైగా బాతు పడుకునేది ఆ గంప పక్కనే.

మా సారు అప్పటికే రిపోర్టు మీద సంతకం పెట్టేశారు. నోరు మూసుకుంటే గొడవే లేదు. నాచారం నుంచి ఉప్పల్ దాకా నాతో నేనే పోట్లాడుకుంటూ వెళ్ళి, చివరికి చెప్పేశాను. "ఒక కోడి రెండు కోళ్ళెలా అయిందమ్మా? ఇది సైన్సా, గారడీనా?" అని ఆయన లేచారు. "వెళ్ళి శాంపిల్ పట్రా. అందాకా నీ కాంట్రాక్టు పొడిగింపు మాట ఎత్తకు."

మళ్ళీ అవ్వ ఇంటికెళ్ళి, నల్లకోడి ముందు పుల్ల తీసేసరికి నాకు ఏడుపొచ్చింది. "నేను చెప్పకపోతే అయిపోయేది కదా అవ్వా" అన్నాను.

"సెప్పకుంటే నీకు నిద్ర వడ్తదా? తియ్యి బిడ్డా" అని కోడిని తనే పట్టుకుంది. "జర ఓర్సుకో" అని దాని వీపు నిమిరింది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. దానికీ ఏమీ లేదని కబురు వచ్చేసరికి గుడ్లలోంచి పిల్లలు కూడా వచ్చేశాయి. గుమ్మంలోంచే అరిచాను. అవ్వ చేతిలో కోడిపిల్లతోనే అక్కడ కూలబడి, కొంగు కళ్ళకు అద్దుకుని, ఉన్నట్టుండి నావైపు చూసింది.

"మరి నీదో?"

"నాదేంటి?"

"గిన్ని దినాలు గా బాతులల్ల, కోళ్ళల్ల నువ్వే గదా తిరిగింది. నీకేం కాలేదని ఎవలన్న సూసిన్రా?"

మా ఫారాలు గుర్తు తెచ్చుకున్నాను. బాతుకు గడి ఉంది, కోడికి ఉంది, చెరువు నీళ్ళకూ ఉంది. "లేదవ్వా" అన్నాను. అవ్వ చేతిలోని కోడిపిల్లను దింపి, నా నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచి, "జరం లేదు" అని రిజల్టు చెప్పేసింది.

ఊరు వదిలి వచ్చాక అలా నా నుదురు ముట్టుకుని చూసింది ఆవిడ ఒక్కతే. ఆ సంగతి అప్పటి నాకు తడితేగా! బుద్ధిమంతురాల్ని కదా, "కోడిని ముట్టుకున్నావు, చెయ్యి కడుక్కున్నావా అవ్వా?" అని అడిగాను.