చేట పట్టిన ప్రొఫెసరు

పాలకోడు మార్కెట్టుకు టమాటాలు పంపే మాదమ్మ కూతురు పంచవర్ణం మద్రాసులో పెద్ద యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చిందంటే దావణి కొంగు నడుముకు బిగించి, చేటను కాగితాల కట్టలా ముఖానికి అడ్డం పట్టుకుని ప్రొఫెసరును అనుకరిస్తుంది. తల ఎత్తకుండా, ముక్కుతో, ఏళ్లనాటి పాఠాన్ని గొణుగుతుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు. ఆ రోజూ అంతే. "రెండొందల మంది కూర్చోనుంటాం. ఆయప్ప ఒక్కరి మొగమూ చూడడు. ఆకు ఎందుకు రాలుతుందని లేచి అడిగినాను. అది పరీక్షకు రాదు, కూర్చో అన్నాడు. దీనికా నేను అంత దూరం పోయింది?" అంటూ చేటను నేలకేసి కొట్టింది.

వాకిట్లో పచ్చికాయలను ఒక పక్కకు ఏరుతున్న మాదమ్మ అడిగింది. "ఒక్క పండు కలిస్తే గంపెడు కాయలూ మాగిపోతాయే, అది ఎందుకు పాపా?"

పంచవర్ణానికి తెలియదు. మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అది పరీక్షకు రాదుమ్మా."

మాదమ్మ చేయి గంపలోనే ఆగింది. "ఆ సారూ ఇదే మాట అన్నాడని కదా, ఇప్పుడు చేటను నేలకేసి కొట్టినావు."