అద్దంలో జింక

ఎడారిలో పొగమంచు దిగుతుందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మేవారు కాదు. "దుబాయ్‌ల మంచేందిరా" అని నవ్వేవారు. నేనున్నది దుబాయ్ కాదు, ఖతర్ అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి మానేశాను. కానీ నిజంగానే దిగేది. చమురు డబ్బు పొంగి దోహాలో ఎటు చూసినా కొత్త గోడలు లేస్తున్న రోజులవి. చలికాలం పొద్దున్నే జీపు తీసుకుని దుఖాన్ రోడ్డు దిగి లోపలికి పోతే, దూరంగా చమురు బావుల దగ్గర మండే మంట ఒక్కటే కనిపించేది. నేల లేదు, ఆకాశం లేదు, మంట ఉంది. నిద్రలో నడుపుతున్నానేమోనని స్టీరింగు గట్టిగా పట్టుకునేవాణ్ణి.

ఆ ప్రయాణాలు వేట కోసం. నేను ఒక ఖతరీ ఇంట్లో డ్రైవర్ని. ఇంటి యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం, ఆయన కొడుకుని చిన్న అర్బాబ్. పాతికేళ్ళుంటాయి. చేతిలో కొత్త రైఫిల్, దాని మీద బిగించిన దుర్భిణి. మంచివాడే, కాకపోతే ఆ తుపాకీని కొత్త పెళ్ళికొడుకు చేతి గడియారం చూపించినట్టు అందరికీ చూపించేవాడు. నన్నూ ఓసారి చూడమన్నాడు. ఎక్కడో దూరాన ఉన్న ఒంటె కనురెప్పలు నా ముక్కు ముందుకొచ్చి వాలాయి. ఉలిక్కిపడి తల వెనక్కి తీశాను. వెనక సీట్లో గిన్నెలు పట్టుకుని కూర్చున్న వంటాయన పడీపడీ నవ్వాడు. ఆయన కరీంనగర్ వైపు ముస్లిం, నాకంటే పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, నన్ను తమ్మీ అనేవాడు. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే.

నాకు వేట కొత్త కాదు. మాది ఆదిలాబాద్ అడవి అంచు. మా మేనమామ ఇంట్లో తాతనాటి భర్మారు, అంటే గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకి, అటక మీద మసిపట్టి ఉండేది. మామ దాన్ని దించేవాడు కాదు, వెదురు విల్లు తీసుకుని పోయేవాడు. తుపాకి ఉండగా ఈ తిప్పలెందుకని చిన్నప్పుడు అడిగాను.

"విల్లు పట్టుకుంటె దగ్గరికి పోవాలెరా" అన్నాడు. "దగ్గరికి పోతె అది మనల్ని చూస్తది. చూసినంక గూడ కొట్టబుద్ధయితె, అప్పుడు కొట్టు."

చాలాసార్లు కొట్టబుద్ధయ్యేది కాదేమో, వట్టి చేతులతో వచ్చేవాడు. "జింకల ఇంటికి సుట్టపుచూపుకు పోయచ్చిండు" అని అత్త ఎగతాళి చేసేది. మామ చల్ల తాగి పడుకునేవాడు. కానీ ఒక్క విషయంలో మాత్రం మా వాళ్ళు మొండివాళ్ళు. దెబ్బ తిన్న జంతువును దొరికేదాకా వెతకాల్సిందే. కొట్టినవాడే కాదు, మాంసంలో వాటా ఉన్న ప్రతివాడూ వెతకాలి. దొరికేదాకా ఎవరూ అన్నం ముట్టరు.

అర్బాబ్ ఇంట్లో డ్రైవర్‌కూ వేటమాంసంలో వాటా ఉంది. అదీ నాకొచ్చిన చిక్కు.

జింకలు అప్పటికే అరుదైపోయాయి. ఆ ఏడు ఎక్కువగా కుందేళ్ళే దొరికేవి. ఒక మధ్యాహ్నం, వేడికి నేల నీళ్ళలా వణుకుతుంటే, ఆ నీళ్ళ మీద తేలుతున్నట్టు ఒక జింక కనిపించింది. ఇసుక రంగుది, ఒంటరిది. నాకు ఊరు కళ్ళల్లో మెదిలి ఒళ్ళు తేలికైపోయింది. దగ్గరికి పోదామా అని మెల్లగా అడిగాను. చిన్న అర్బాబ్ అక్కర్లేదన్నాడు. మనిషిని మనిషి గుర్తుపట్టలేనంత దూరం నుంచి, జీపు మీద మోచేతులానించి పేల్చాడు. జింక కూలింది. మళ్ళీ లేచింది. వెనక కాలు ఈడ్చుకుంటూ ఆ వణికే వెలుగులోకి పోయి మాయమైంది.

అంత దూరం నుంచి తగిలించానని చిన్న అర్బాబ్ పొంగిపోయాడు. సంబరంగా భాయ్ భుజం మీద చరిచాడు. ముందున్నది మెత్తటి ఉప్పు నేల, జీపు పోతే చక్రాలు కూరుకుపోతాయి. పైగా సాయంత్రం ఇంటికి అతిథులు వస్తున్నారు. "ఖలాస్, యల్లా", అయిపోయింది, ఇక పదండి అని సీట్లో కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. జీపు తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగాను.

భాయ్ వెంటపడి నా చెయ్యి పట్టుకున్నాడు. "పాగలైనవా తమ్మీ? పాస్‌పోర్ట్ వాళ్ళ తాన ఉన్నది. రేపే విమానమెక్కిస్తరు. ఒక జింక కోసం ఇంట్లోళ్ళ నోట్ల మన్ను కొడ్తవా?"

అది నిజమేనని నాకూ తెలుసు. అయినా నడిచాను.

ఉప్పు నేల మీద డెక్కల గుర్తులు దొరికాయి. దాని అవతల గట్టి రాళ్ళ మీద కనపడకుండా పోయాయి. అడవిలో అయితే ఆకు మీది నెత్తురు దారి చెప్పేది. ఇక్కడ నాకేమీ తెలియడం లేదు. పొద్దు వాలుతోంది. వెనక నుంచి చిన్న అర్బాబ్ కేకలు వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. తిరిగి చూశాను. ఆయన రైఫిల్ భుజానికెత్తి నా వైపే చూస్తున్నాడు. దుర్భిణి అద్దం ఎండకు తళుక్కుమంది.

నేను కదల్లేదు. ఎంత దూరమున్నా నా కనురెప్పలు ఆయన ముక్కు ముందున్నాయని నాకు తెలుసు. నాకు మాత్రం ఆయన మొహం కనిపించడం లేదు. అది ఎంతసేపో చెప్పలేను, కలలో పరిగెత్తలేక నిలబడిపోయినట్టు ఉంది. తర్వాత గొట్టం మెల్లగా పక్కకు జరిగి, ఒకచోట ఆగింది. ఆయన చెయ్యెత్తి నా ఎడమవైపు చూపించాడు. తుపాకీ భాయ్ చేతికిచ్చి తనే నడిచొచ్చాడు.

ఒక ముళ్ళపొద వెనక జింక పడి ఉంది, బతికే ఉంది. చిన్న అర్బాబ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అది తల తిప్పి ఆయన్ని చూసింది. ఆయన చాలాసేపు కత్తి తీయలేదు.

"ఇంత చిన్నదా?" అన్నాడు, తనకొచ్చిన ఉర్దూలో. "అద్దంలో పెద్దగా కనిపించింది."

తర్వాత దేవుడి పేరు చెప్పి కోశాడు. కత్తి తుడుచుకోవడం కూడా మరిచి దాని పక్కనే కూర్చుండిపోవడం చూసి నా కోపం పోయింది, జాలేసింది. తాళం ఆయన చేతికిచ్చాను. తిరిగి నాకే ఇచ్చేశాడు. విమానం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రాత్రి భాయ్ వండిన మాంసం నేను తిన్నాను. మా వాళ్ళ లెక్కలో దొరికాక తినాలి. చిన్న అర్బాబ్ పళ్ళెం ముట్టుకోలేదని భాయ్ చెప్పాడు.

మరుసటి చలికాలం మళ్ళీ వెళ్ళాం. రైఫిల్ మీద దుర్భిణి లేదు. మంచు విడిపోతుండగా చాలా దూరంలో ఏదో కదిలింది. చిన్న అర్బాబ్ జీపు ఆపమని, మమ్మల్ని ఉండమని, ఒక్కడే దిగి వంగి వంగి నడిచాడు. తెల్లటి బట్టలు మంచులో కలిసిపోయాయి. ఆ నడక నాకు తెలుసు. అది మా మామ నడక.

తుపాకీ మోత వినపడలేదు. ఎండెక్కాక వచ్చాడు, మోకాళ్ళ నిండా ఇసుక. ఏమైందని భాయ్ అడిగాడు.

"దగ్గరికి వెళ్ళాను. అది నన్ను చూసింది" అన్నాడు.

తుపాకీలోంచి తూటాలు తీసి జేబులో వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను బండి తిప్పాను.