థర్స్‌డే ఐలాండ్‌కి రెండో ఫెర్రీ

రెండువేల సంవత్సరం మే నెల. జనవరిలో కంప్యూటర్ తేదీల గండం గడిచిపోయింది కదా, పేరుకుపోయిన సెలవులు వాడుకోమన్నారు మా సిడ్నీ ఆఫీసులో. అప్పటికి మా రూతక్క బందరు నుంచి నన్ను చూడ్డానికి వచ్చి నెలయింది. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న థర్స్‌డే ఐలాండ్ చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. అక్కను వెంటబెట్టుకుని బయలుదేరాను. చివరి అంచె పడవ మీదని మాత్రం చెప్పలేదు. పదకొండేళ్ళ క్రితం మా బావ చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటి నుంచి అక్క సముద్రం ఒడ్డుకే పోలేదు.

ఈశాన్య తీరంలోని కెయిన్స్ నగరం నుంచి ఉదయం ఏడున్నరకు విమానం. పన్నెండు సీట్లదే కాబట్టి సామానుతో పాటు మమ్మల్ని కూడా కాటా ఎక్కించారు. "పెళ్ళిచూపుల్లో కూడా నన్నిలా తూచలేదే," అంది అక్క. దాదాపు మూడు గంటల దారి. కుడివైపు కిటికీలోంచి లేతాకుపచ్చ నీళ్ళలో పగడపు దిబ్బలు కనిపిస్తాయి. ఎడమవైపు మడ అడవులు, వాటి మధ్య మెలికలు తిరుగుతూ సముద్రంలో కలిసే ఏర్లు. అక్క ఎడమవైపే కూర్చుని అడవులే చూసింది.

థర్స్‌డే ఐలాండ్‌లో విమానాశ్రయం లేదు, విమానం దిగేది పక్కనున్న హార్న్ ఐలాండ్‌లో. అక్కణ్ణుంచి బస్సులో పది నిమిషాల్లో రేవు చేరాం. ఫెర్రీకి అప్పట్లో మనిషికి ఆరు డాలర్లు, పావుగంట ప్రయాణం.

"ఇదేంటే, పడవా?" అక్క ఆగిపోయింది. "నీకు ముందే తెలుసా?"

తల దించుకున్నాను.

"నువ్వెళ్ళిరా. నేనిక్కడే కూర్చుంటా."

బెంచీ మీద కూర్చుని ముఖం తిప్పుకుంది. ఫెర్రీ వెళ్ళిపోయింది. తర్వాతది ఇంకో గంటకు గానీ లేదు. "తప్పయిపోయిందక్కా," అన్నాను.

ఆ గంటలో జనం ఒక్కొక్కరే చేరారు. బియ్యం సంచీతో ఒకావిడ, చంటిబిడ్డతో ఇంకొకావిడ, ఫ్యాను భుజాన వేసుకుని ఒకాయన. అక్క వాళ్ళనే చూస్తోంది.

"వీళ్ళు రోజూ ఎక్కుతారా?"

"రోజూనట అక్కా. మన సిటీ బస్సులాగే."

ఫెర్రీ వచ్చింది. ఫెర్రీ తాడు రేవుకు కట్టిన దీవి మనిషి, యాభై ఏళ్ళావిడ, అక్క బెంచీ మీంచి కదలకపోవడం చూసి చెయ్యి చాచింది. "రండి ఆంటీ, నా పక్కన కూర్చోండి," అంది ఇంగ్లీషులో; అక్కడ గౌరవానికి అలా పిలుస్తారు. అక్కకు 'ఆంటీ' ఒక్కటే అర్థమైంది. లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

సగం దూరం కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత తెరిచి, "లోతెంతో అడగవే," అంది. అడిగాను. "ఏమో ఆంటీ, నేనెప్పుడూ మునిగి చూళ్ళేదు," అని ఆవిడ పకపకా నవ్వింది. తెలుగులో చెప్పేసరికి అక్కా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. దిగాక రేవు మెట్ల మీద కూర్చుని, ఆ నీళ్ళతోనే ముఖం కడుక్కుంది. "మీ బావకి ఇలాంటి పచ్చటి నీళ్ళంటే ఇష్టం," అంది. పదకొండేళ్ళలో బావ గురించి తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

ఆ సాయంత్రం మళ్ళీ క్షమించమని అడిగాను. "చెప్పుంటే వచ్చేదాన్ని కాదు," అంది అక్క. మళ్ళీ తనే, "అయినా చెప్పాల్సింది," అంది. రెండూ నిజమే. నేను చేసింది మంచికే అయిందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకోలేను. ధైర్యం అక్కది, తొందరపాటు నాది. మీరు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: విమానం దిగగానే తొలి ఫెర్రీకి పరుగెత్తేలా ఏర్పాటు చేసుకోకండి, మధ్యలో ఒక గంట ఖాళీ ఉంచండి. మాకు అక్కరకొచ్చింది ఆ గంటే.